పంపు చెడుటకును మరల చెడుటకును నడుమ కాలము

ఎత్తిపోతల సంఘముల కార్యదర్శులు మమ్ము తఱచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. పంపు చాలకాలము చక్కగ నడచినది. అటుపిమ్మట పదిదినములలో రెండుమారులు నిలిచిపోయినది. వరి పొట్టకు వచ్చియున్న సమయము. కాలువ చివరి మళ్లకు నీరందలేదు. సభ్యులు కోపముతో నున్నారు. ఇది నడుపువాని అశ్రద్ధయా, యంత్రములో క్రొత్తగ నేదేని లోపము పుట్టినదా, లేక యంత్రమన్న తరువాత నప్పుడప్పుడు చెడుట దాని స్వభావమేయని యూరకుండవలెనా? ఈ ప్రశ్నకు కోపముతో గాని జాలితో గాని గాక లెక్కతో ప్రత్యుత్తరమిచ్చు మార్గ మొకటి యున్నది. దానిని ఈ సంచికలో వివరింప దలచితిమి. లెక్కయన్నంత మాత్రమున చదువరులు పుట త్రిప్పివేయ నక్కఱలేదు. కూడికయు భాగహారమును వచ్చిన చాలును.

ఈ సంగతి మాకు మొదట పుస్తకమువలన గాక మా తప్పువలన తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామసంఘమువారు విత్తనశుద్ధినిగూర్చి చెప్పుటకు మమ్ము మహాజనసభకు పిలిచిరి. మా మాట ముగియకముందే పంపు తగవు లేచినది. పదిదినములలో మోటారు ఒకమారును బేరింగు ఒకమారును పోయినవట. అధ్యక్షులుగారు మావైపు తిరిగి, "చదువుకొన్నవారు, మీరు చెప్పుడు. ఇది ఊరక జరుగునా?" అనిరి. "పదిదినములలో రెండుమారులనగా ఊరక జరుగునది కాదు" అని మేము వెంటనే చెప్పితిమి. మా చేతిలో లెక్కయు లేదు, రిజిష్టరును లేదు. నడుపువాడు సభ వెనుక నిలుచుండి, "అయ్యా, రాత్రి రెండు గంటలకు కరెంటు వచ్చినను లేచి వచ్చితిని. నేను చేసిన తప్పేమో చెప్పండి" అనెను. ఎవరును చెప్పలేదు. ఆ నెల జీతము చేతికిచ్చి అతనిని పంపివేసిరి. క్రొత్తవాడు వచ్చి యేడాది తిరుగకముందే పంపు తొమ్మిది దినములలో మరల రెండుమారులు ఆగినది. ఈమారు సభ కూడలేదు. అతడు పాలకవర్గములో నొకరికి బంధువు.

మా మాట తప్పా ఒప్పా యని చూచుకొనుటకే మేము ఈ లెక్కను నేర్చుకొంటిమి.

మొదట కావలసినది సరియైన రిజిష్టరు. ప్రతి సంఘమునను లాగ్‌బుక్కు ఉండును గాని, అందు పంపు వేసిన గంటయు ఆపిన గంటయు మాత్రమే వ్రాయుదురు. చెడిన దినము వ్రాయరు. వ్రాసినను ఏ భాగము చెడినదో వ్రాయరు. అందుచేత వేఱొక పుట తీసి, పంపు చెడిన ప్రతిమారును తేదీ, అప్పటికి నడచిన మొత్తము గంటలు, చెడిన భాగము, చేసిన మరమ్మతు, చేసినవారి పేరు, తిరిగి నీరెత్తిన గంట వ్రాయవలెను. దేనిని "చెడుట" యని లెక్కింపవలెనో ముందుగనే సంఘము తీర్మానించుకొనవలెను. ఫ్యూజు పోయి పావుగంటలో వేసినది చెడుట కాదు. కరెంటు లేక ఆగినది పంపు చెడుట కాదు. గ్రీజు పెట్టుటకు మనమే ఆపినదియు కాదు. పంపు తనంతట ఆగి, ఒక పూట నీరు పోయినచో అది చెడుట. ఈ నియమమును నడుమ మార్చరాదు. ఒకనికి ఒక కొలపాత్రతోను మఱియొకనికి వేఱొక కొలపాత్రతోను ధాన్యము కొలిచినట్లగును.

కాలమును క్యాలెండరు దినములతో గాక నడచిన గంటలతో లెక్కించుట మేలు. వేసవిలో మూలపడియున్న మోటారు మూడు నెలలు చెడలేదని సంతోషించుట వ్యర్థము గదా. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్సరఫరా ఆరంభించిరి. అంతకుముందు దినమునకు కొన్ని గంటలే నడచిన మోటారు ఆ తరువాత రెట్టింపు నడచినచో, క్యాలెండరు ప్రకారము అది త్వరత్వరగ చెడుచున్నట్లు కనబడును. గంటల ప్రకారము చూచినచో దాని నడవడి ఏమియు మారియుండకపోవచ్చును. ఈ వ్యాసములో మేము 8 గంటల నడకను ఒక నడకదినముగ తీసికొందుము. 320 గంటలు నడచి చెడిన పంపు 40 నడకదినములకు చెడినదన్నమాట.

ఇక లెక్కకు వత్తము. నెలకు ఎన్నిమారులు చెడినదో వ్రాసికొన్న చాలదా యని కొందఱడుగుదురు. చాలదు. సరాసరిని 40 దినముల కొకమారు చెడు పంపునకు, 30 నడకదినముల నెలలో నూటికి 47 నెలలు సున్నయే వచ్చును. సున్న, ఒకటి, సున్న, సున్న, రెండు అని వ్రాసికొనుచు పోవుదుము. పంపు మునుపటికంటె బాగుపడినను ఆ సున్న ఇంకను తగ్గదు గనుక, బాగుపడిన సంగతి ఆ పుటలో ఎన్నటికిని కనబడదు. అరుదుగ జరుగు దానిని "ఎన్ని" యని యెంచుటకంటె "ఎంత కాలమునకు" అని కొలుచుట మంచిది. ఒక చెడుటకును దాని తరువాతి చెడుటకును నడుమ నున్న కాలమును "ఎడము" అందము. ఈ ఎడములే మన సరకు.

ఎడముల నడవడి వింతగ నుండును. సభలలో మనుష్యులు మోసపోవునదియు ఇచ్చటనే. సరాసరి 40 దినములని చెప్పగనే, పంపు ఇంచుమించు 40 దినముల కొకమారు, 35కో 45కో, చెడవలెనని మన మనస్సులో ననుకొందుము. అట్లు జరుగదు. మీరు నారుమడిలో విత్తనము వెదజల్లుట గుర్తునకు తెచ్చుకొనుడు. చేయి తిరిగిన రైతు చల్లినను, మడికి అడ్డముగ ఒక త్రాడు పట్టి దానివెంట పడిన గింజలను చూచినచో, ఒకచోట మూడు గింజలు ఒకదాని ప్రక్క నొకటి యుండును. వేఱొకచోట జానెడు మేర ఒక్క గింజయు ఉండదు. ఆ మూడు గింజలను ఎవరును గుంపుగ వేయలేదు. ఆ ఖాళీని ఎవరును విడువలేదు. చల్లుటయన్న అట్లే యుండును.

పంపు చెడుటయు ఏ ప్రత్యేక కారణమును లేక చెదరి జరుగుచున్నంతకాలము ఇట్లే యుండును. సరాసరి 40 దినములైనప్పుడు, నూఱు ఎడములలో 22 ఎడములు పదిదినముల లోపలివే. 39 ఎడములు ఇరువది దినముల లోపలివి. 63 ఎడములు సరాసరికంటె తక్కువవి. 28 దినములు దాటునప్పటికే సగము ఎడములు ముగిసిపోవును. మఱి సరాసరి 40 ఎట్లు వచ్చినదనగా, కొలదిపాటి దీర్ఘమైన ఎడములవలన వచ్చినది. నూటికి 13 మొదలు 14 వఱకు ఎడములు 80 దినములను, 5 ఎడములు 120 దినములను దాటును. ఈ అంకెలు గణితశాస్త్రజ్ఞుల ఘాతవితరణమను సూత్రమునుండి వచ్చినవి. సూత్రమును ఇచ్చట విప్పి చూపము. కాని అంకెలను మాత్రము ప్రతి కార్యదర్శియు గోడకు అంటించుకొనదగును. "పంపు బాగుచేసి వారము కాలేదు, మరల చెడినది" అను ఫిర్యాదు, ఏ తప్పును లేని పంపు విషయమునను నూటికి 16 మారులు వినవలసినదే.

చెదరి జరుగుదానిని ఒక కారణమువలన జరుగుదానినుండి వేఱుపఱచుటకు పటము గీయు పద్ధతిని మొదట తెచ్చినవారు అమెరికా దేశీయుడగు వాల్టర్ షూహార్ట్ అను నాయన. టెలిఫోను సామగ్రి చేయు వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేయుచు, 1924 మే 16వ తేదీన ఆయన తన పై యధికారికి ఒక్క పుట పాటి లేఖ వ్రాసి, దానితో మొదటి అదుపు పటమును, అనగా కంట్రోలు చార్టును పంపెను. 1931లో దానినే గ్రంథముగ విస్తరించెను. వస్తువులన్నిటిలోను కొంత హెచ్చుతగ్గు ఎప్పుడును ఉండును. అది సాధారణ కారణముల కూర్పు. దానికి హద్దులు గీయవచ్చును. ఆ హద్దులు దాటినచో నేదో విశేష కారణ మున్నదని వెదకవలెను. దాటనిచో వెదకుట కాలహరణము. ఆయన చెప్పిన దింతయే. 1947–48లో ఆయన కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటు పిలుపుమీద మన దేశమునకు వచ్చి ఈ విద్యను బోధించెను. ఆ సంస్థను 1931లో స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్‌గారే బెంగాలులో జనుము పంట విస్తీర్ణమును నమూనాలతో లెక్కకట్టినవారు. మన పొలములలో గడి గీసి పంట కోసి తూచు ప్రయోగములును ఆ కోవలోనివే గనుక, రైతులకు ఈ విద్య పూర్తిగ పరాయిది కాదు.

షూహార్ట్ పటములు మొదట ఉత్పత్తియగు వస్తువుల కొలతలను, లోపములను ఎంచుటకు ఏర్పడినవి. లోపములు మిక్కిలి అరుదైనచోట అవి పైని చెప్పిన సున్నల చిక్కులో పడును. అందుచేత ఎడముల పటములు తరువాత వచ్చినవి. 1983లో కాల్విన్ అను నాయన, రెండు లోపపు వస్తువుల నడుమ ఎన్ని మంచి వస్తువులు వచ్చినవో ఎంచు పద్ధతిని చూపెను. ఆసుపత్రులలో ఒక అంటురోగమునకును తరువాతి అంటురోగమునకును నడుమ దినములనుగూడ నేడు ఇట్లే పటము గీయుచున్నారు.

ఎడముల చదువునకు పేరుమోసిన ఉదాహరణ మొకటి బ్రిటను దేశపు బొగ్గుగనులది. 1952లో మాగ్వైరు, పియర్సను, విన్ను అను మువ్వురు పండితులు, 1875 మొదలు 1951 వఱకు ఆ గనులలో పదిమందికి పైగా మరణించిన ప్రేలుళ్ల తేదీలను చేర్చి, వాని నడుమ 109 ఎడములను ప్రకటించిరి. 1979లో జారెట్ అను నాయన ఆ పట్టికలోని తప్పులు దిద్ది, 1851 మొదలు 1962 వఱకు 191 ప్రేలుళ్లకు దానిని పెంచెను. మొత్తముమీద సరాసరి తీసి చూచినచో ఏమియు తెలియదు. ఎడములను వరుసగ పెట్టి చూచినచో, 1890 ప్రాంతమునకు పూర్వము ఏటికి సుమారు మూడు ప్రేలుళ్లును, తరువాత ఏటికి సుమారు ఒకటియు నున్నట్లు స్పష్టమగును. ఒక్కొక్క అంకె వెనుక పదిమందికి తక్కువకాని శవములున్నవి గనుక, ఆ పట్టికను మేము లెక్కగా మాత్రము చూడలేకపోతిమి. అయినను ఎడములు ఎట్లు మాటలాడునో అందువలన తెలియును.

ఇప్పుడు మన పంపునకు వత్తము. ఒక సంఘపు పంపు ననుకొందము. ఈ క్రింది సంఖ్యలు ఏ గ్రామమువియు కావు. లెక్క సుళువుగ నుండుటకై మేమే కూర్చితిమి. దాని 21 ఎడములు, నడకదినములలో, వరుసగ ఇవి: 12, 55, 31, 3, 88, 20, 47, 9, 26, 134, 17, 62, 5, 41, 70, 23, 8, 101, 38, 14, 36. మొత్తము 840. ఇరువదియొకటిచేత భాగించగ సరాసరి 40. వీనిలో సరాసరికంటె తక్కువవి 13, పదిదినముల లోపలివి 4. పైని చెప్పిన నూటికి 63, నూటికి 22 అను లెక్కలకు ఇవి సమీపముగనే యున్నవి. అనగా ఈ పంపు గింజలు చల్లినట్లు చెదరి చెడుచున్నదేగాని, ఏ విశేష కారణమును కనబడుట లేదు.

ఒక్కొక్క ఎడమునే పటములో పెట్టి హద్దు గీయవచ్చునా? గీయవచ్చును గాని క్రింది హద్దు పనికిరాదు. నూటికి ఒక్కటి మాత్రమే అంతకంటె తక్కువ యుండు హద్దును లెక్కించినచో అది దినములో సగముకూడ కాదు; నాలుగు గంటల నడకకు లోపలిది. పొద్దున బాగుచేసిన పంపు మధ్యాహ్నమునకే చెడినగాని ఆ పటము నోరు తెఱవదు. ఇందుచేత మూడేసి ఎడములను కూడి, ఆ మొత్తమును ఒక చుక్కగ పెట్టుట మేలు. మన పంపునకు ఆ చుక్కలు 98, 111, 82, 213, 116, 132, 88.

మూడు ఎడముల మొత్తమునకు హద్దులు ఇట్లు వచ్చును. ఒక్క ఎడము సరాసరిని 0.44 చేత గుణించిన క్రింది హద్దు. మన పంపునకు సుమారు 17 దినములు. 0.82 చేత గుణించిన హెచ్చరిక గీత, 33 దినములు. 2.67 చేత గుణించిన నడిమి గీత; 107 దినములు. 8.4 చేత గుణించిన పై హద్దు, 336 దినములు. ఏ తప్పును లేని పంపు క్రింది హద్దునకు దిగువన నూటికి ఒక చుక్కను, హెచ్చరిక గీతకు దిగువన నూటికి అయిదు చుక్కలను పెట్టును. పై హద్దునకు ఎగువన పెట్టునదియు నూటికి ఒకటే. పంపు ఏటికి 240 నడకదినములు నడచినచో, మూడు చెడుటల కొక చుక్క చొప్పున ఏటికి రెండు చుక్కలు వచ్చును. క్రింది హద్దు మనలను వృథాగ బెదరించుట యేబది యేండ్ల కొకమారు. షూహార్ట్‌గారి అలవాటు ప్రకారమైన హద్దు ఇంకను దిగువన, ఎనిమిదిన్నర దినములయొద్ద, ఉండవలసినది. కర్మాగారమునకు అది తగునేమో. నీరు లేని వరి అంతకాలము నిలువదు గనుక మేము 17నే ఎంచుకొంటిమి. ఇది మా యభిప్రాయము. సంఘములు తమ పైరునుబట్టి మార్చుకొనవచ్చును.

పటము గీయుటకు గడుల కాగితము చాలును. అడుగున చుక్కల వరుస సంఖ్య, ఎడమప్రక్క దినములు. మేము చదివిన మిషను పాఠశాలలో లెక్కల మాస్టరుగారు ప్రతి వానకాలమును మాచేత వర్షమాపకము చూపించి ఇట్టి కాగితముపై చుక్కలు పెట్టించెడివారు. దాని ప్రయోజన మేమో అప్పుడు మాకు తెలియలేదు. చుక్క సరిగ పెట్టనిచో పడు బెత్తము మాత్రము తెలియును.

ఇప్పుడు సభకు కోపము తెప్పించిన సంగతి. ఆ పంపు ఇరువదిరెండవ ఎడము 6 దినములు, ఇరువదిమూడవది 5 దినములు అనుకొందము. పదునొకండు దినములలో రెండుమారులు చెడినది. ఒక జత ఎడములు 11 దినములలో ముగియుట నూటికి 3 మారులు మాత్రమే జరుగును. "చూచితిరా, నూటికి మూడు!" అని సభలో నెవరైన లేవవచ్చును. మేమును ఆనాడు లేచినది అట్లే. కాని ఈ జతను మనము ముందుగ ఎంచుకొనలేదు. చెడిన తరువాత వ్రేలు పెట్టి చూపితిమి. రిజిష్టరులో ఇట్టి జతలు ఇరువదికి పైగా నున్నవి. ఇరువది జతలలో నొకటియైనను ఇట్టిది తగులుట ఇంచుమించు సగము పాలు సంభవమే. బొమ్మయో బొరుసో పడుట వంటిదానిపై ఒక మనుష్యుని కూడు తీసివేయుట న్యాయమా? మూడవ ఎడమునకు వేచియుందము. అది 29 దినములైనది. మొత్తము 40. చుక్క హెచ్చరిక గీతకు పైననే పడినది. వెదకవలసిన విశేష కారణము లేదు.

తరువాతి మూడు ఎడములు 4, 7, 3 అనుకొందము. మొత్తము 14. చుక్క 17కు దిగువన పడినది. ఏ మార్పును లేని పంపు ఇట్లు చేయుట సుమారు 180 మారుల కొక్కటి. ఇప్పుడు వెదకవలెను. వెదకుట యనగా నడుపువానిని పిలిచి గద్దించుట కాదు, రిజిష్టరు చదువుట. చెడిన భాగము మూడుమారులును బేరింగే. దానికి ముందు వరుసలో, మోటారు కాలిపోగ దానిని దింపి రీవైండింగుకు పంపి, తెచ్చి బిగించినట్లున్నది. మోటారు ఇరుసును పంపు ఇరుసును ఒకే వరుసలో నున్నవో లేవో కప్లింగు వద్ద బద్ద పెట్టి చూచినచో, వెండ్రుకవాసి కాదు, నూలు మందమే తేడా కనబడును. వరుస తప్పిన ఇరుసు బేరింగును తినివేయును. మోటారు అడుగున రేకుముక్క పెట్టి సరిచేసిన తీరిపోవును. నడుపువాని నెంతమందిని మార్చినను ఇది తీరెడిది కాదు.

చుక్క పడువఱకు చేతులు కట్టుకొని కూర్చుండవలెనని మేము చెప్పుట లేదు. కాలిన వాసన వచ్చుచున్నను, బేరింగు అరచుచున్నను ఏ పటమును అక్కఱలేదు, వెంటనే ఆపవలెను. ఎదుట కనబడని కారణ మున్నదా లేదా యని సందేహించునప్పుడే పటము పనికివచ్చును.

పై హద్దును మఱచిపోరాదు. దానికి మూడు ఎడములు నిండువఱకు ఆగనక్కఱయు లేదు. ఒక్క ఎడమే సరాసరికి 4.6 రెట్లు, మన పంపునకు 184 నడకదినములు, దాటినచో అది నూటికొక్కమారు జరుగు సంగతి. అప్పుడును కారణము వెదకవలెను. క్రొత్త స్టార్టరు పెట్టిరా? నడుపువాడు వారమువారము ఫుట్‌వాల్వు కడుగుచున్నాడా? అట్లైన అది మిగిలిన సంఘములకును తెలియవలసిన సంగతి. అతనికి బహుమానము నీయవలెను. లేక చెడినను రిజిష్టరులో వ్రాయుట మానిరా? ఈ రెండవది తఱచు. చెడుట వ్రాసినప్పుడెల్ల జరిమానా వేయు సంఘములో, పంపు రెండు నెలలలో అద్భుతముగ బాగుపడును, కాగితముమీద.

ఈ లెక్కకు కొన్ని పరిమితులున్నవి. ఇరువది ఎడములకు తక్కువ యున్నప్పుడు హద్దులను గట్టిగ నమ్మరాదు. ఇరువదియొకటి యున్నను సరాసరి అయిదింట నొక వంతు ఇటునటు తప్పియుండవచ్చును. పంపు బాగుపడి చుక్కలు పైకి జరిగి అచ్చటనే నిలిచినచో, పాత సరాసరిని విడిచి క్రొత్తది కట్టవలెను. మఱియు చెదరి చెడుటయను మన యూహ అన్ని భాగములకును సరిపడదు. గ్లాండు తాడు, రబ్బరు వాషరు అరిగి పోవునవి. వానికి ఇంచుమించు ఒక ఆయువు కలదు. అట్టివానిని వేఱు పుటలో వ్రాసి, ఆయువు తీరకముందే మార్చుట పని. అరుగుదలయు చెదరుటయు కలసిన యంత్రములకు వైబుల్ అను నాయన పేరిట వేఱు సూత్రము కలదు. అది సంఘములకు బరువు. ఎడములను మామూలు షూహార్ట్ పటములో పెట్టదలచినవారికి 1994లో నెల్సను అను నాయన ఒక ఉపాయము చూపెను: ప్రతి ఎడమును 3.6వ మూలమునకు మార్చిన, సంఖ్యలు నడిమి చుట్టును ఇరుప్రక్కల సమముగ సర్దుకొనును. వర్గమూలము రెండుమారులు తీసినను దానికి చేరువగనే వచ్చును. లెక్కలయం దిచ్చగల యువకులు ప్రయత్నింపవచ్చును.

మొదట చెప్పిన సంఘపు పాత లాగ్‌బుక్కులు కొన్ని యేండ్లకు మాకు చిక్కినవి. చెదలు తినగ మిగిలిన పుటలనుండి పాత నడుపువాని కాలపు ఎడములను, క్రొత్తవాని కాలపు ఎడములను వేఱువేఱుగ తీసి రెండు పటములు గీచితిమి. రెండింటను చుక్కలు హద్దుల లోపలనే యున్నవి. ఏ పటము ఎవరిదో పేరు తీసివేసిన మేమే చెప్పలేము. ఆ కాగితములను అధ్యక్షులుగారికి చూపితిమి. ఆయన చాలసేపు చూచి, "అతడు ఇప్పుడు పట్నములో నొక అపార్టుమెంటు మోటారు నడుపుచున్నాడట" అని చెప్పి మడిచి యిచ్చివేసిరి.

రిజిష్టరు పుట నమూనాయు, సరాసరిని వేసికొనగనే నాలుగు గీతలును వచ్చు చిన్న పట్టికయు మాయొద్ద నున్నవి. కార్యదర్శులు తమ లాగ్‌బుక్కులతో వచ్చినచో కూర్చుండి మొదటి పటమును కలసి గీయుదము. నాట్లకు ముందుగ రావలెను. నాట్లు పడిన తరువాత మాకును మీకును తీరిక యుండదు.